సొగసూ సామర్థ్యమూ

మా ఇంటికి మొట్టమొదట రేడియో వచ్చిన దినం నేటికీ మా కన్నులకు కట్టినట్లున్నది. మా గ్రామం సముద్రతీరానికి ఆమడ దూరం. ఆ సంవత్సరం పంట బాగా పండినది. మా నాన్నగారు ధాన్యం అమ్మిన సొమ్ము నడుమున దోపుకొని, మమ్ము వెంటబెట్టుకొని పట్నం వెళ్ళినారు. అంగడివాడు రెండు పెట్టెలు చూపినాడు. ఒకటి నల్లని బేకలైటు పెట్టె. దాని ముందువైపున ముతక గుడ్డ, రెండు మరలు తప్ప మరేమీ లేవు. రెండవది మెరుగుపెట్టిన కొయ్యపెట్టె. దంతపు రంగు మరలు, జరీవలె మెరిసే గుడ్డ, పైభాగాన వెలుగుతూ ఉండే పచ్చని కన్ను దానికి అలంకారాలు. వెల ఇంచుమించు ఒక్కటే. "పలుకులో నల్లదే గట్టిదండీ" అని అంగడివాడు చెప్పబోయినాడు. మా నాన్నగారు ఒక్క మాటతో త్రోసివేసినారు. "నలుగురు వచ్చే వసారాలో ఈ బొగ్గుపెట్టె ఏమి శోభిస్తుందయ్యా?" అన్నారు. మేమూ సంతోషంతో తలయూపినాము. కొన్నాళ్ళకు ఆ నల్లపెట్టెను మా పొరుగున ఉన్న బడిపంతులుగారు కొనుక్కున్నారు.

మా కొయ్యపెట్టెను చూడవచ్చినవారందరూ దాని అందాన్ని మెచ్చుకొన్నవారే. పగటివేళ విజయవాడ కేంద్రం చక్కగానే వినిపించేది. చీకటి పడగానే ఎక్కడి దూరదేశపు కేంద్రమో వచ్చి దానిమీద పడేది. రెండు గొంతులూ కలిసిపోయి ఒక్క మాటా తెలిసేది కాదు. అయినా మాలో ఎవరికీ పెద్ద విచారం లేదు. పచ్చకన్ను వెలుగుతూనే ఉన్నది గదా!

ఒక కార్తిక మాసపు రాత్రి గాలి పెరిగినది. తుఫాను వస్తున్నదని ఊరంతటికీ తెలుసు. ఎక్కడ తీరం దాటుతుందో, ఎప్పుడు దాటుతుందో తెలియదు. విద్యుద్దీపాలు రెపరెపలాడుతున్నవి గాని ఇంకా ఆరిపోలేదు. మా వసారాలో పాతికమంది చేరినారు. మరను ఇటు త్రిప్పితే ఈల, అటు త్రిప్పితే పరభాష. ఇట్లు ఒక గడియ గడిచినది. అప్పుడు పంతులుగారి అబ్బాయి వానలో తడుస్తూ పరుగెత్తుకొని వచ్చినాడు. తెల్లవారకముందే తుఫాను మన దిక్కుననే తీరం దాటుతుందట, పల్లపు ఇండ్లవారందరూ మెరకకు వెళ్ళవలెనట అని చెప్పినాడు. నల్లపెట్టె పలికిన ఆ మాటతో ఊరు కదిలినది. మనుష్యులందరమూ బ్రతికి బయటపడినాము. మా దొడ్డిలోని రెండు గేదెలను మాత్రం విప్పి తోలుకొనిపోవుటకు వ్యవధి లేకపోయినది. అందమైన పెట్టె ముందు మేము పోగొట్టుకొన్న గడియ వెల అది.

సొగసు వేరు, సామర్థ్యం వేరు అని చెప్పుటకు ఒక ప్రసంగమెందుకు, పైన పటారం లోన లొటారం అని మన పెద్దలు ఏనాడో అన్నారు గదా అని మీరు అనవచ్చు. కాని ఆ సామెత విన్నవారికి సొగసైనదెల్ల డొల్ల అన్న భావం కలుగుతుంది. విషయం అంత సులభమైనది కాదు. పంతులుగారి పెట్టె నల్లగా ఉన్నందువల్ల బాగా పలుకలేదు. మా పెట్టె అందంగా ఉన్నందువల్ల చెడిపోలేదు. చెవితో చేయవలసిన పరీక్షను మేము కంటితో చేసినాము. దోషమంతా అక్కడ ఉన్నది. కనుక ఏ వస్తువునకైనా, ఏ మనిషికైనా పరీక్ష దేనితో పెట్టవలె అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు ఆటస్థలంలో దొరికినంత స్పష్టమైన సమాధానం మరెక్కడా దొరకదు. రెండు ఆటలను చూతాము.

మొదటిది ఎత్తు దూకే పందెం. రెండు స్తంభాల నడుమ ఒక కమ్మి ఉంటుంది. ఒంటికాలిపై ఎగిరి, ఆ కమ్మిని పడగొట్టకుండ దాటవలె. ఏ భంగిమలో దాటవలెనో నియమం చెప్పదు. తొలినాళ్ళలో కత్తెరవలె కాళ్ళాడించి దాటేవారు. తరువాత ప్రక్కకు దొర్లి దాటినారు. ఆ పిమ్మట కడుపు కమ్మివైపు త్రిప్పి బోర్లగా దాటుటయే శ్రేష్ఠమని శిక్షకులు నిర్ణయించినారు. సోవియట్ క్రీడాకారుడు వలేరీ బ్రుమెల్ 1963లో ఈ పద్ధతిలోనే 2.28 మీటర్లు దాటి ప్రపంచ రికార్డు నెలకొల్పినాడు. ఆ దూకులో బలమూ ఉన్నది, చూడముచ్చటైన తీరూ ఉన్నది.

అదే 1963లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో డిక్ ఫాస్‌బరీ అనే పదహారేండ్ల విద్యార్థి ఉన్నాడు. బోర్లపద్ధతి అతనికి ఎంత సాధన చేసినా పట్టుబడలేదు. విసిగి, మరల పాత కత్తెరపద్ధతికి వచ్చినాడు. దానిలోనే దూకుదూకునకు కొద్దికొద్దిగా వెనుకకు వాలుతూ పోయినాడు. చివరకు వీపు కమ్మివైపు, ముఖం ఆకాశంవైపు ఉంచి, తల ముందుగా దాటుట అతని పద్ధతి అయినది. చూచినవారు నవ్వినారు. పడవలో పడి కొట్టుకొనే చేపతో పోల్చినారు. 1968 అక్టోబరులో మెక్సికో నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఆ చేప 2.24 మీటర్లు దాటి, ఒలింపిక్ రికార్డుతో స్వర్ణపతకం గెలుచుకొన్నది.

ఆ వింత భంగిమలోని కిటుకు ఏమిటి? మన ఇండ్లలోని కొడవలిని తీసుకోండి. దాని బరువునకు కేంద్రం ఇనుములో ఉండదు. వంపు లోపలి ఖాళీలో ఎక్కడో ఉంటుంది. మనిషి శరీరాన్ని కమ్మిమీదుగా విల్లువలె వెనుకకు వంచినప్పుడు కూడ ఇదే జరుగుతుంది. తల, వీపు, నడుము, కాళ్ళు ఒకదాని వెంట ఒకటి కమ్మిపైనుంచి పోతవి. బరువు కేంద్రం మాత్రం కమ్మికి దిగువనుంచి కూడ పోవచ్చును. అనగా కాలు ఇచ్చిన అదే ఎగురునకు మరికొంత ఎత్తు లభిస్తున్నది. అయితే ఇట్లు దూకినవాడు వీపుమీద, మెడమీద పడుతాడు. ఇసుకమీదనో రంపపు పొట్టుమీదనో పడితే ప్రాణానికే ముప్పు. సరిగా ఆ కాలంలోనే అమెరికాలోని మైదానాలలోనికి స్పాంజి మెత్తలు వచ్చినవి. మెత్త రానిదే ఆ దూకు లేదు. ఆ మెత్త చేసినవానికి ఎవరూ పతకం ఇవ్వలేదు గాని, ఆ విజయంలో దానికీ పాలున్నది.

పాతపద్ధతి మరునాడే అంతరించిపోలేదు. 1972లో మ్యూనిక్‌లో పురుషుల స్వర్ణపతకం బోర్లగా దూకినవానికే దక్కినది. 1978లో యష్చెంకో అనే సోవియట్ యువకుడు ఆ పద్ధతిలోనే 2.34 మీటర్లు దాటినాడు. కాని క్రమక్రమంగా అందరూ వెల్లకితల దూకుటకే అలవడినారు. 1993లో క్యూబా దేశీయుడు సొటొమయోర్ 2.45 మీటర్లు దాటినదీ ఆ పద్ధతిలోనే. ఇక్కడ మనము గమనించవలసినది ఒక్కటి. నవ్విన వారి నవ్వు ఫాస్‌బరీకి ఒక్క అంగుళం కూడ తగ్గించలేకపోయినది. తీర్పు చెప్పేది కమ్మి. కమ్మికి కన్నులు లేవు. అది పడుతుంది, లేదా నిలుస్తుంది.

ఇప్పుడు కన్నులున్న న్యాయాధిపతులు తీర్పు చెప్పే ఆటను చూతాము. ఉత్తరదేశాలలో మంచుకొండలమీద ఆడే ఆట అది. కాళ్ళకు స్కీలనే పొడవైన పలకలు కట్టుకొని, ఏటవాలు దారిన జారి, కొసనుంచి గాలిలోనికి ఎగిరి, ఎంతో దూరాన దిగువ వాలుమీద వ్రాలుతారు. దూరానికి కొన్ని మార్కులు ఉంటవి. తీరునకు వేరే మార్కులు ఉంటవి. ఐదుగురు న్యాయనిర్ణేతలు ఒక్కొక్కరు ఇరవైకి మార్కులు వేస్తారు. వానిలో అత్యధికం, అత్యల్పం తీసివేసి మిగిలిన మూడింటిని కలుపుతారు. అనగా తీరునకే అరవై మార్కుల వరకు రావచ్చును. ఎంత దూరం పోయినాడన్నదే గాక, పోతూ ఎట్లు కనబడినాడన్నది కూడ జయాపజయాలను నిర్ణయిస్తుందన్నమాట.

1980ల నడుమ వరకు ఆ తీరునకు ఒక లక్షణం ఉన్నది. గాలిలో ఉన్నంతసేపు రెండు పలకలూ రైలుపట్టాలవలె సమానాంతరంగా ఉండవలె. స్వీడన్ దేశీయుడు యాన్ బోక్లోవ్ పలకల ముందుకొసలను ఎడముగా విప్పి, వెనుకకొసలను దగ్గరగా ఉంచి ఎగురసాగినాడు. వెనుకనుంచి చూస్తే కప్ప కాళ్ళు చాచినట్లుండేది. న్యాయనిర్ణేతలు ముఖం చిట్లించి మార్కులు తెగగోసినారు. అతడు మానలేదు. ఎందుకనగా విప్పారిన పలకల నడుమ అతని దేహమంతా గాలికి ఎదురై, పక్షి రెక్కవలె గాలి పట్టును ఎక్కువగా పొందుతున్నది. అందువల్ల అతడు మరింత దూరం పోగలుగుతున్నాడు. తీరులో పోయిన మార్కులను దూరంలో రాబట్టుకొని, 1988–89 ప్రపంచ కప్ పోటీలలో బోక్లోవ్ సమగ్ర విజేత అయినాడు.

ఆ పిమ్మట న్యాయనిర్ణేతల దృష్టి మారినది. 1992లో ఆల్బర్‌విల్ ఒలింపిక్ క్రీడలలో పదహారేండ్ల ఫిన్లండ్ బాలుడు టోనీ నియెమినెన్ ఆ విప్పారిన తీరులోనే ఎగిరి పెద్దకొండ పందెంలో స్వర్ణం గెలిచినాడు. నేడు ఆ ఆటలో సమానాంతరంగా ఎగిరేవారు కనబడరు. అయితే బోక్లోవ్‌కు ఒలింపిక్ పతకం దక్కలేదు. చెట్టు నాటినది ఒకరు, పండ్లు కోసుకొన్నది మరొకరు. కొలతబద్ద ఒక్కటే తీర్పు చెప్పే ఆటలో ఫాస్‌బరీకి దక్కిన న్యాయం, కన్ను కూడ తీర్పు చెప్పే ఆటలో బోక్లోవ్‌కు ఆలస్యంగా, అరకొరగా దక్కినది.

ఇంకొక సంగతి కూడ చెప్పవలె. ఆ న్యాయనిర్ణేతలు అందమని నమ్మిన సమానాంతరపు తీరు ఎక్కడిది? 1950 ప్రాంతాలలో స్విట్జర్లండ్ దేశీయుడు ఆండ్రియాస్ డాషర్ దానిని తీర్చిదిద్దినాడు. అంతకుముందు నార్వేవారు నేర్పిన తీరులో నడుము వంచి చేతులు ముందుకు చాచేవారు. డాషర్ చేతులను ప్రక్కకు చేర్చి దేహాన్ని నిటారుగా ముందుకు వాల్చినాడు. ఎందుకు? ఎక్కువ దూరం పోవుటకు! అనగా నిన్నటి సామర్థ్యమే నేటి సొగసు అయి కూర్చున్నది. పనికోసం పుట్టిన రూపాన్ని చూచి చూచి కన్ను అలవాటు పడినది. తరువాత ఆ పనిని మరచి రూపాన్నే ప్రేమించినది. రేపటి సామర్థ్యం వాకిటికి వచ్చినప్పుడు, ఇది వికారంగా ఉన్నదని తలుపు మూసినది. మన ఇండ్లలో, బడులలో, కార్యాలయాలలో కూడ ఎన్ని క్రొత్త తలపులు ఈ విధంగా గుమ్మం బయటనే నిలిచిపోతున్నవో!

ఆటస్థలం వదలి అంగడికి వత్తాము. అంగడిలో న్యాయనిర్ణేత కొనుగోలుదారు. అతని ముందు కమ్మి లేదు, కొలతబద్ద లేదు. ఉన్నది కన్ను, చేతిలో సొమ్ము. ఈ సంగతి సరకు చేసేవారికి బాగా తెలుసు.

ట్రాన్సిస్టరు రేడియోలు వచ్చిన క్రొత్తలో ఎన్ని ట్రాన్సిస్టర్లున్నవో పెట్టెమీదనే అచ్చు వేసేవారు. సన్నని సంకేతాన్ని పెంచి, మనకు వినబడే ధ్వనిగా చేయుట వాని పని. ఆరేడు ట్రాన్సిస్టర్లను తెలివిగా అమర్చితే చక్కని చిన్న రేడియో అవుతుంది. కాని ఆరు అని వ్రాసిన పెట్టెకంటె పది అని వ్రాసిన పెట్టె గొప్పదని జనం తలచినారు. అందుచేత కొందరు తయారీదారులు పనిలేని ట్రాన్సిస్టర్లను కూడ పలకమీద అతికి, లెక్కలో చేర్చినారు. అవి ధ్వనిని పెంచవు, కేంద్రాన్ని పట్టవు. పెండ్లిలో పేరంటానికి వచ్చినట్లు ఊరకే కూర్చుంటవి. ఈ వంచన ఎంతవరకు పోయినదనగా, ధ్వనిని గ్రహించుటలో, పెంచుటలో పాలుగొనని ట్రాన్సిస్టర్లను లెక్కలో చూపరాదని అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1968లో ప్రత్యేకంగా ఒక నియమమే చేయవలసి వచ్చినది. మెక్సికోలో ఫాస్‌బరీ దూకినదీ ఆ సంవత్సరమే.

ఇక్కడ వంచించినది రంగు కాదు, మెరుగు కాదు, అంకె. మనము సాధారణంగా అంకెను సత్యమని నమ్ముతాము. కాని పనికి సంబంధించని అంకె కూడ ఒక అలంకారమే. ఈనాడు చేతిఫోనుల కెమెరాలకు ఇన్ని మెగాపిక్సెళ్ళని చాటుతారు. వెలుతురును పట్టే ఫలకం పరిమాణం పెంచకుండ దానిని మరిన్ని చిన్న గళ్ళుగా విభజిస్తే, ఒక్కొక్క గడికి చేరే వెలుతురు తగ్గుతుంది. కటకం మంచిది కాకపోతే గళ్ళు పెరిగి ప్రయోజనం లేదు. సాయంకాలపు మసకలో మనుమరాలి ముఖం స్పష్టంగా వచ్చినదా లేదా అన్నది కొనేవారికి పరీక్ష. పెట్టెమీది అంకె ఆ పరీక్షకు బదులు కాజాలదు.

ఇంతవరకు విన్నవారు, సొగసును మేము ద్వేషిస్తున్నామని తలపవచ్చును. అది సరికాదు. హైదరాబాదు క్రికెటునే తీసుకోండి. ఎం. ఎల్. జయసింహ పేరు చెప్పగానే పైకెత్తిన కాలరు, ఠీవిగల నడక, బ్యాటు త్రిప్పుటలోని విలాసం పెద్దల కన్నులకు కడుతవి. సొగసుకాడు కనుక గట్టివాడు కాడని అనుకొన్నవారూ లేకపోలేదు. 1968 జనవరిలో ఆస్ట్రేలియాలోని భారత జట్టునకు ఆటగాడు అవసరమైనప్పుడు ఆయనను పిలిపించినారు. దూరప్రయాణం చేసి, తగిన సాధన లేకుండనే బ్రిస్బేన్ టెస్టులో దిగి, ఒక ఇన్నింగ్సులో 74, రెండవ ఇన్నింగ్సులో 101 పరుగులు చేసినారు. భారతదేశం 39 పరుగుల తేడాతో ఓడినది గాని, ఆ స్కోరుపట్టీని చూచినవారు మరల ఆ మాట అనలేదు. సొగసు ఆయనకు సామర్థ్యంపై కప్పిన ముసుగు కాదు. సామర్థ్యమే సొగసుగా పొంగినది.

ఆ హైదరాబాదువారే సయ్యద్ అబీద్ అలీ. విలాసం తక్కువ, శ్రమ ఎక్కువ. బంతి వేయుమంటే వేసినారు, ఏ స్థానంలో బ్యాటు పట్టుమంటే ఆ స్థానంలో పట్టినారు, బంతి వెంట పరుగెత్తుమంటే రోజంతా పరుగెత్తినారు. 1971 ఆగస్టులో లండన్‌లోని ఓవల్ మైదానంలో భారతదేశం ఇంగ్లండు గడ్డపై మొట్టమొదటి టెస్టు విజయం సాధించిననాడు, విజయపు పరుగులు ఆయన బ్యాటు నుంచే వచ్చినవి. ఆ విజయానికి దారి తీసినవారు బి. ఎస్. చంద్రశేఖర్. బాల్యంలో పోలియో సోకి సన్నబడిన కుడిచేతితోనే బంతి వేసి, 38 పరుగులకు ఆరుగురిని పడగొట్టినారు. ఇంగ్లండు 101 పరుగులకే కుప్పకూలినది. సలక్షణమైన చేయి ఎట్లుండవలెనో పుస్తకాలు చెప్పవచ్చును. 58 టెస్టులలో 242 వికెట్లు తీసిన చేయి మాత్రం అది.

ఆ ఆటలను రేడియోలో, పత్రికలలో అనుసరించిన మావంటివారికి ఒక విశేషం తెలుసు. మాకు కాలరు కనబడలేదు, చేయి కనబడలేదు. వినబడినవి పరుగులు, వికెట్లు. రేడియో శ్రోత ఒక విధంగా ఎత్తు దూకే పందెంలోని కమ్మివంటివాడు. అతని ముందు రూపం చెల్లదు, జరిగినదే చెల్లుతుంది. ఈ గుణాన్ని మనము ఇంటిపనులలో కూడ కొంత అలవరచుకొంటే మంచిది. పంకా కొన్నప్పుడు దాని రంగు చూచుటకు ముందు దాని క్రింద కూర్చుండి చూడవలె. చెప్పులు కొన్నప్పుడు నాలుగడుగులు నడిచి చూడవలె. పిల్లవానిని బడిలో చేర్చేటప్పుడు గోడల సున్నాన్ని చూచుటకంటె, అక్కడ చదువుతున్న పిల్లవాని చేత ఒక పేజీ చదివించి వినుట మేలు. రేడియో కొనేవారు చీకటి పడిన తరువాత, కేంద్రాలు ఒకదానినొకటి త్రోసుకొనే వేళ, కన్నులు మూసుకొని వినవలె. ఆ పరీక్ష నెగ్గిన వానిలో కంటికి ఇంపైనది ఎంచుకొంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

తుఫాను వెలిసిన మరుసటి సంవత్సరం మా నాన్నగారు మరల పట్నం వెళ్ళినారు. ఈసారి మమ్ము సలహా అడుగలేదు. నల్లని బేకలైటు పెట్టెను చేతులలో పెట్టుకొని వచ్చి, వసారాలో కొయ్యపెట్టె ఉన్న బల్లమీదనే ఉంచినారు. రాత్రి వార్తలు పెట్టినారు. ఒక్కొక్క మాట ముత్యమువలె వినవచ్చినది. వార్తలు ముగిసిన తరువాత పైపంచెతో దానిమీది దుమ్ము తుడిచి, కొంతసేపు దానివంక చూచి, "ఎంత ముచ్చటగా ఉన్నదిరా!" అన్నారు.

అది పరిహాసం కాదు. ఆయన కన్ను ఆ సంవత్సరం పాటు చెవి దగ్గర పాఠం నేర్చుకొన్నది.